450 హెచ్‌పీ, 335 హెచ్‌పీ, క్వార్టర్ మైలు మాత్రం ఇంచుమించు ఒకటే: 1970 నాటి మజిల్ కార్లలో అసలు పిక్‌అప్ దేనిది?

గుంటూరు_గేర్ · గుంటూరు

అందరికీ నమస్తే. పాత అమెరికన్ మజిల్ కార్ల, అంటే పెద్ద ఇంజన్ బిగించిన వేగం కార్ల, పిచ్చి నాకు ఇంజనీరింగ్ రోజుల నుంచీ ఉంది. ఒక్కదాని స్టీరింగ్ పట్టుకున్న పాపాన పోలేదు గానీ బ్రోచర్లలో అంకెలు మాత్రం కంఠతా వచ్చు. ఆ అంకెలే కుదరట్లేదు, అందుకే ఈ టాపిక్.

షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 454, ఎల్ఎస్6 ఇంజన్‌తో: 450 హెచ్‌పీ
ప్లిమత్ కుడా, 426 హెమీతో: 425 హెచ్‌పీ
బ్యూక్ జీఎస్ 455 స్టేజ్ 1: 360 హెచ్‌పీ
ఫోర్డ్ మస్టాంగ్ 428 కోబ్రా జెట్: 335 హెచ్‌పీ

హెచ్‌పీ అంటే హార్స్‌పవర్; 454, 426 లాంటివి క్యూబిక్ ఇంచీల్లో ఇంజన్ సైజు. ఇప్పుడు ఆనాటి పత్రికలు క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు, పరిగెత్తించి రాసిన టైములు చూడండి. ఎల్ఎస్6 ఒకచోట 13.1 సెకన్లు, ఇంకోచోట 13.8. హెమీ కుడా కూడా దాదాపు అంతే. బ్యూక్ 13.38. కోబ్రా జెట్‌ని 1968లో హాట్ రాడ్ పత్రిక 13.56లో దాటించింది. మొదటి కారుకీ చివరి కారుకీ మధ్య 115 గుర్రాల తేడా ఉండాలి. అవన్నీ ఏ పొలంలో మేస్తున్నాయి?

తెలిసినవాళ్లు చెప్పండి. "నా కారు గొప్ప" అనే గొడవ వద్దు, లెక్క కావాలి.

ఓరుగల్లు_హెమీ · హనుమకొండ

గింత ఆలోచన ఎందుకన్నా. హెమీ. అయిపాయె.

1964 డేటోనా 500 రేసుల రిచర్డ్ పెట్టీ గెలిచిండు, మొదటి మూడు కార్లు ప్లిమత్‌లే, మూడింట్ల హెమీనే. మరుసటేడు నాస్కార్, అంటె గా రేసులు నడిపే సంస్థ, రూల్స్ మార్చి ఆ ఇంజన్‌ని బయటవెట్టింది. ఊకెనే బయటవెడ్తరా? పక్కోళ్లకు అందుతలేదనే కదా.

కడప_కార్బ్ · కడప

రేస్ హెమీ వేరు, రోడ్డు మీదికొచ్చిన హెమీ వేరప్పా. రేసుది 12.5 కంప్రెషన్, అంటే సిలిండర్లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి. 1966లో షోరూముకొచ్చింది 10.25 కంప్రెషన్‌తో, రెండు కార్టర్ నాలుగు బారెళ్ల కార్బురేటర్లతో. డేటోనా గెలిచిన ఇంజన్ పేరు చెప్పుకొని వీధిలోని ఇంజన్‌కి దండ వేస్తే ఎట్లా?

ఎల్ఎస్6 చూడు. 7.4 లీటర్లు, 500 పౌండ్-ఫుట్ టార్క్, ఒకే ఒక్క హోలీ కార్బురేటర్. పొద్దున్నే స్టార్ట్ అవుతుంది, ట్యూనింగ్ తిప్పలు తక్కువ. జనరల్ మోటర్స్ తన మధ్యతరహా కార్లకి 400 క్యూబిక్ ఇంచీలు దాటకూడదని సొంతంగా పెట్టుకున్న హద్దుని 1970 మోడళ్లకి ఎత్తేసింది. ఆ ఏడాదే ఇది పుట్టింది, ఆ ఏడాదే షెవెల్‌లోంచి పోయింది కూడా. రాజు రాజే.

మిషిగన్_మావయ్య · ట్రాయ్, మిషిగన్

గుంటూరు తమ్ముడి ప్రశ్న బాగుంది. జవాబు మొదలవ్వాల్సింది హెమీ దగ్గరా కాదు, ఎల్ఎస్6 దగ్గరా కాదు. నువ్వు రాసిన ఆ నాలుగు అంకెలూ గ్రాస్ హార్స్‌పవర్. అక్కడే తిరకాసంతా.

ఆ రోజుల్లో ఇంజన్ని కారుకి బిగించకముందే టెస్ట్ బెడ్ మీద పెట్టి కొలిచేవాళ్లు. ఎయిర్ క్లీనర్ ఉండదు. సైలెన్సర్ ఉండదు, పొగ నేరుగా గది పైపుల్లోకి పోతుంది. ఆల్టర్నేటర్ భారం ఉండదు. ఇగ్నిషన్ టైమింగ్ ఎక్కడ పెడితే ఎక్కువ వస్తుందో అక్కడ పెట్టేవాళ్లు. అలా వచ్చిన అంకెని బ్రోచర్లో ఎంతకి కావాలంటే అంతకి, పైకో కిందికో, సవరించుకునేవాళ్లు. కిందికి ఎందుకు అన్నది తర్వాత ఎవరైనా అడుగుతారు, అప్పుడు చెప్పుకుందాం.

1972 మోడళ్ల నుంచి నెట్ పద్ధతి వచ్చింది. కారులో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలవాలి. 1971లో మాత్రం జనరల్ మోటర్స్ రెండు అంకెలూ అచ్చేసింది. అది మనలాంటి వాళ్లకి వరం. షెవెల్‌లోని ఎల్ఎస్5 454 ఇంజన్‌కి 1971లో గ్రాస్ 365, నెట్ 285. ఇంజన్ అదే, రోజు అదే. 80 గుర్రాలు కేవలం కొలిచే పద్ధతిలో పోయాయి. 1972లో దానికి 270 అని రాశారు. "ఒక్క ఏడాదిలో 95 హెచ్‌పీ పడిపోయింది, పొగ చట్టాలు మజిల్ కార్లని చంపేశాయి" అని ఇప్పటికీ రాస్తుంటారు చూడు, అందులో నిజంగా పోయింది 15. అసలు దెబ్బ 1971లోనే తగిలింది, తక్కువ సీసం పెట్రోలు కోసం కంప్రెషన్ని 10.25 నుంచి 8.5కి దించినప్పుడు.

వైజాగ్_వీ8 · విశాఖపట్నం

అంటే పెళ్లి సంబంధాల్లో చెప్పే జీతం గ్రాస్, ఒకటో తారీకున చేతికొచ్చేది నెట్. ఇప్పుడర్థమైంది మావయ్యా.

గుంటూరు_గేర్ · గుంటూరు

గ్రాస్, నెట్ సంగతి సరే. కానీ అది అందరికీ సమానంగా తగ్గాలి కదా? 450కి పావు వంతు కోస్తే 335కీ పావు వంతు కోయాలి. అప్పుడూ షెవెల్ చాలా ముందుండాలి.

లెక్కల_మాస్టారు · రాజమహేంద్రవరం

ఉండాలి నాయనా, అంకెలు నిజమైతే. నిజమో కాదో పట్టుకోవడానికి డ్రాగ్ రేసు, అంటే నిలిచిన చోటు నుంచి సూటిగా పరిగెత్తే పందెం, వాళ్ల దగ్గర ఒక పాత సూత్రం ఉంది. కాలేజీ భౌతికశాస్త్రమే, పెద్ద రహస్యం ఏమీ కాదు.

క్వార్టర్ మైలు పరుగుకి రెండు ఫలితాలు వస్తాయి. ఒకటి పట్టిన సమయం. రెండోది గీత దాటేటప్పుడు ఉన్న వేగం, దాన్ని ట్రాప్ స్పీడ్ అంటారు. సమయం టైర్ల పట్టుని బట్టి, క్లచ్ వదిలిన పాదాన్ని బట్టి మారిపోతుంది. ట్రాప్ స్పీడ్ అంతగా మారదు. మొదటి ఇరవై మీటర్లలో చక్రాలు తిరిగిపోయి అర సెకను పోగొట్టుకున్నా, చివర్లో వేగం ఒకటి రెండు మైళ్లకి మించి తగ్గదు. అంచేత ఇంజన్ బలం చెప్పేది ట్రాప్ స్పీడే.

ట్రాప్ స్పీడుని గంటకి మైళ్లలో తీసుకుని 234తో భాగించండి. వచ్చినదాన్ని ఘనం చెయ్యండి. డ్రైవరుతో సహా కారు బరువు పౌండ్లలో వేసి గుణించండి. ఇంజన్ నిజంగా రోడ్డు మీద పెట్టిన బలం సుమారుగా వస్తుంది.

షెవెల్: మనిషితో 4,000 పౌండ్లు అనుకుందాం, ట్రాప్ 107 మైళ్లు. 382 హెచ్‌పీ.
హెమీ కుడా: బరువు దాదాపు అంతే, మంచి పరుగుల్లో ట్రాప్ కూడా 107 దగ్గరే. మళ్లీ 380 చిల్లర.
బ్యూక్ స్టేజ్ 1: మోటర్ ట్రెండ్ టెస్టులో 105.5 మైళ్లు, బరువు అదే 4,000 అనుకుంటే 367.
కోబ్రా జెట్ మస్టాంగ్: 106.6 మైళ్లు, బరువు 3,600 వేసుకుంటే 340.

ఇప్పుడు బ్రోచర్ పక్కన పెట్టి చూడండి. షెవెల్‌కి 450 అన్నారు, రోడ్డు మీద 382. గ్రాస్ నుంచి నెట్‌కి సహజంగా తగ్గే తగ్గుదల అది. బ్యూక్‌కి 360 అన్నారు, రోడ్డు మీద 367! గ్రాస్ కంటే నెట్ ఎక్కువ రావడం లోకంలో ఎక్కడైనా ఉందా? కాబట్టి ఆ 360 కావాలని తగ్గించి రాసిన అంకె. ఫోర్డ్ 335 కూడా అంతే. కాగితం మీద షెవెల్‌కీ బ్యూక్‌కీ తేడా 90. తారు మీద 15.

కడప_కార్బ్ · కడప

ఆ 15 ఉంది కదా మాస్టారూ. అది చాలు మాకు.

సిరిసిల్ల_సిలిండర్ · సిరిసిల్ల

ఒక డౌటు. కంపెనీ అంటే ఉన్నదానికంటె ఎక్కువ చెప్పుకోవాలె గదా. తక్కువ చెప్పుకునుడు ఏంది?

డల్లాస్_డిఫరెన్షియల్ · డల్లాస్, టెక్సాస్

రెండు కారణాలు బ్రదర్. ఒకటి ఇన్సూరెన్స్. 1960ల చివరికి పాతికేళ్లలోపు కుర్రాడు పెద్ద ఇంజన్ కారు కొంటే ప్రీమియం వాచిపోయేది. కంపెనీలు బరువుకీ హార్స్‌పవర్‌కీ నిష్పత్తి చూసి సర్‌చార్జి వేసేవి. బ్రోచర్లో అంకె తక్కువుంటే ఏజెంటుకి చెప్పే అంకె తక్కువ.

రెండోది రేసు క్లాసులు. డ్రాగ్ రేసులు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ. దాని స్టాక్ (షోరూము కార్ల) తరగతుల్లో ఏ కారు ఎవరితో పోటీ పడాలో బరువుని ప్రకటించిన హార్స్‌పవర్‌తో భాగించి నిర్ణయించేవాళ్లు. బలం తక్కువ చూపిస్తే బలహీనుల తరగతిలో దూరి కప్పు పట్టుకుపోవచ్చు. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్లు కూడా అమాయకులేం కాదు, ఫలితాలు చూసి సొంతంగా అంకెలు పెంచడం మొదలుపెట్టారు.

తగ్గించి చెప్పడంలో పరాకాష్ఠ 1967 షెవర్లే కోర్వెట్ ఎల్88. దానికి 430 అని రాశారు. అదే ఏడాది మామూలు జనం కొనే ఎల్71 కోర్వెట్‌కి 435. ఎల్88 నిజానికి 500 దాటే రేసు ఇంజన్. షోరూముకొచ్చిన కుర్రాడు ఎక్కువ అంకె ఉన్నదే కొంటాడు, రేసు సరుకు జోలికి పోడు అని ఎత్తు. పనిచేసింది, ఆ ఏడాది ఎల్88లు అమ్ముడైనవి 20.

నెల్లూరు_నైట్రో · నెల్లూరు

ఫోర్డ్ వాళ్ల కథ ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. కోబ్రా జెట్ కంపెనీ బుర్రలోంచి పుట్టింది కాదు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఈస్ట్ ప్రావిడెన్స్ అనే ఊళ్లో బాబ్ టాస్కా ఫోర్డ్ డీలరు. 390 ఇంజన్ మస్టాంగ్‌లు అమ్మి అమ్మి, కొన్నవాళ్లు షెవర్లేల చేతిలో ఓడిపోయి తిరిగొచ్చి తిట్టే తిట్లు భరించలేక, ఫోర్డ్ గోడౌన్లో ఉన్న భాగాలతోనే 428 ఇంజన్ కట్టించాడు. పోలీసు కార్ల 428 కింది భాగం, పెద్ద వాల్వుల హెడ్లు, పెద్ద కార్బురేటరు. అది చూసి హాట్ రాడ్ పత్రిక, ఇలాంటి కారు కావాలనుకునేవాళ్లు ఫోర్డ్‌కి రాయండని పాఠకులకి పిలుపిచ్చింది. ఉత్తరాలు కుప్పలు పడ్డాయి. 1968 ఫిబ్రవరిలో పొమోనాలో వింటర్‌నేషనల్స్ అనే డ్రాగ్ పందేలకి తేలిక మస్టాంగ్‌లు దింపారు. సూపర్ స్టాక్ టైటిల్ ఆల్ జోనియక్ కొట్టాడు. ఏప్రిల్లో షోరూముల్లోకి.

ఖరీదు హెమీలో సగం కూడా కాని ఇంజన్ హెమీకి అర సెకను దూరంలో ఉంది. అడిగినవాడికి ఇది చాలదా?

సందేహాల_సాంబయ్య · విజయవాడ

మీరంతా పత్రికల టైముల మీద మేడలు కడుతున్నారు. ఆ పత్రికలకి కార్లు పంపింది ఎవరు? కంపెనీలే. పంపేముందు ఏం చేశారో ఎవరికి తెలుసు?

1964 మార్చిలో కార్ అండ్ డ్రైవర్ పత్రిక పాంటియాక్ జీటీఓని ఫెరారీ జీటీఓ పక్కన నిలబెట్టి కవర్ వేసింది. పాంటియాక్ క్వార్టర్ మైలు 13.1 సెకన్లు, 115 మైళ్ల వేగం అని రాశారు. సున్నా నుంచి 60 మైళ్లకి 4.6 సెకన్లు. ఆ ఒక్క వ్యాసంతో పాంటియాక్ జాతకం మారిపోయింది. ఏళ్ల తర్వాత పాంటియాక్ ప్రచారం చూసిన జిమ్ వాంగర్సే ఒప్పుకున్నాడు, అందులో ఉన్నది కొన్నవాళ్లకిచ్చే 389 కాదు, రాయల్ పాంటియాక్ డీలరు దగ్గర తయారుచేయించిన 421 అని. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి మరి.

ఇక మీ 13.38ల మీద నాకేం నమ్మకం?

లెక్కల_మాస్టారు · రాజమహేంద్రవరం

సాంబయ్య గారూ, మీ ఉదాహరణే మన సూత్రానికి సాక్ష్యం. 115ని 234తో భాగించి ఘనం చేసి, మనిషితో 3,600 పౌండ్లు వేసి గుణించండి. 427 హెచ్‌పీ వస్తుంది. ఆ కారుకి మూడు కార్బురేటర్లతో ప్రకటించింది 348, అదీ గ్రాస్. మావయ్యగారి పద్ధతిలో నెట్‌కి దించితే 280 ప్రాంతం. 280 ఉండాల్సిన చోట 427! ఆ పత్రిక చదివిన రోజే ఎవరైనా కాగితం, పెన్సిల్ తీసుకుని ఉంటే దొంగ అక్కడే దొరికేవాడు.

అదే పరీక్ష ఎల్ఎస్6కి పెట్టాం, 450 గ్రాస్‌కి 382 నెట్. కొంచెం బాగా ట్యూన్ చేసిన కారై ఉండొచ్చు, కానీ లోపల వేరే ఇంజన్ అయితే లేదు.

సందేహాల_సాంబయ్య · విజయవాడ

జీటీఓ వరకు ఒప్పుకుంటా. బ్యూక్ మీద నా అనుమానం అలాగే ఉంది. "సహజంగా 360 కంటే ఎక్కువే ఉండేది" అనడానికీ "టెస్టు కారుకి మసాలా దట్టించారు" అనడానికీ మీ సూత్రం ఒకే జవాబిస్తుంది.

మిషిగన్_మావయ్య · ట్రాయ్, మిషిగన్

ఇది మంచి పాయింటు. సూత్రం ఒక్కటే చాలదు, ఇంజన్ లోపల చూడాలి. మామూలు జీఎస్ 455కి బ్యూక్ 350 హెచ్‌పీ రాసింది. స్టేజ్ 1కి పెద్ద వాల్వులు, వేరే కామ్‌షాఫ్ట్, మార్చిన కార్బురేటర్ జెట్లు, అన్నీ ఇచ్చి 360 అంది. అంత పనికి పది గుర్రాలేనా? ఇంజన్లు కట్టిన వాడెవడూ నమ్మడు. పైగా 510 పౌండ్-ఫుట్ టార్క్ అని వాళ్లే రాసుకున్నారు, ఎల్ఎస్6 కంటే పది ఎక్కువ. టార్క్ మీద ఇన్సూరెన్స్ వాడు సర్‌చార్జి వెయ్యడు కదా, అక్కడ దాచలేదు.

ఇంకో సంగతి. మీరందరూ ఇంజన్ల గురించే మాట్లాడుతున్నారు. నన్నడిగితే 1970లో గెలుపోటములు తేల్చింది టైర్లు. గుడ్‌ఇయర్ పాలీగ్లాస్ ఎఫ్70-14, లేదా కాస్త మంచిదైతే ఎఫ్60-15. పాలియెస్టర్ దారాలు, పైన ఫైబర్‌గ్లాస్ బెల్టు, రేడియల్ కూడా కాదు. వాటి మీద 500 పౌండ్-ఫుట్ టార్క్ వదిలితే ఏమవుతుంది? పొగ. గట్టిగా తొక్కినవాడు ఓడిపోతాడు, దాదాపు ఐడిల్ మీద కదిలించి మెల్లగా పెడల్ దించినవాడు గెలుస్తాడు. అందుకే ఒకే మోడల్ కారు ఒక పత్రికలో 13.1, ఇంకో పత్రికలో 13.8. ఆ ముప్పావు సెకను డ్రైవరుదీ ట్రాకుదీ.

లెక్కల_మాస్టారు · రాజమహేంద్రవరం

దానికీ లెక్కుంది మావయ్యగారూ. బరువుని బలంతో భాగించి, ఘనమూలం తీసి, 5.825తో గుణిస్తే, పట్టు సరిగ్గా ఉన్నప్పుడు పట్టే సమయం. 4,000 పౌండ్లకి 382 హెచ్‌పీ అంటే 12.7 సెకన్లు. షెవెల్ 13.1కో 13.4కో దాటిందంటే ఆ తేడా మీ పాలీగ్లాస్ మింగేసిందే.

ఓరుగల్లు_హెమీ · హనుమకొండ

మంచి టైర్లు ఏస్తే హెమీకి ఇంక లాభం ఎక్కువ. పైన 5,000 ఆర్‌పీఎం దాటినంక అది ఊపిరి వీల్చినట్టు ఏదీ వీల్చదు. బ్యూక్ అప్పటికే అలసిపోతది.

మిషిగన్_మావయ్య · ట్రాయ్, మిషిగన్

ఇది ఒప్పుకుంటా. అర్ధగోళం ఆకారం గదిలో ఎదురెదురుగా పెద్ద వాల్వులు, గాలి సూటిగా వచ్చి సూటిగా పోతుంది. కింద ఆర్‌పీఎంలో ఆ పెద్ద రంధ్రాలే శాపం, పైన వరం. రేసు స్లిక్ టైర్లు (గాళ్లు లేని, పట్టెక్కువ ఉన్నవి) వేసి ఓపెన్ పైపులు పెడితే ఆ నలుగురిలో ఎక్కువ మెరుగుపడేది హెమీయే. ట్రాఫిక్ లైటు నుంచి ట్రాఫిక్ లైటు దాకా అయితే బ్యూక్ పక్కన నిలబడి హెమీ వాడు చాలాసార్లు సిగ్గుపడి ఉంటాడు. డెట్రాయిట్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ అనే రోడ్డు మీద ఆ పందేలు అలానే నడిచేవి.

తెనాలి_టర్బో · తెనాలి

స్పీడ్ అంటే మీరు 402 మీటర్ల దగ్గరే ఆగిపోయారేంటండీ? టాప్ స్పీడ్ సంగతి? 1970 మార్చి 24న టల్లడేగా రేసు ట్రాకులో బడ్డీ బేకర్ డాడ్జ్ చార్జర్ డేటోనాలో 200.447 మైళ్లు, అంటే గంటకి 322 కిలోమీటర్లు దాటించాడు. మూసిన ట్రాక్ మీద 200 మైళ్లు దాటిన మొదటి నాస్కార్ డ్రైవరు. ముక్కు సూదిలా, వెనక ఆకాశమంత రెక్క. ఆ కారు ముందు మీ షెవెల్ ఎంత?

డల్లాస్_డిఫరెన్షియల్ · డల్లాస్, టెక్సాస్

అది రేసుకి కట్టిన టెస్టు కారు టర్బో గారూ. షోరూములో దొరికిన డేటోనాలు 503, ఎక్కువ వాటిలో ఉన్నది 440 మాగ్నమ్. ఆ ముక్కూ రెక్కా 200 కిలోమీటర్లు దాటాక పనికొస్తాయి. క్వార్టర్ మైల్లో అదనపు బరువు తప్ప ఏమీ కాదు.

టాప్ స్పీడ్ అడిగితే ముందు వెనక ఇరుసు రేషియో, అంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలి అన్నది, ఎంతో చెప్పమంటాను. 26 అంగుళాల టైరు, 6,000 ఆర్‌పీఎం హద్దు, టాప్ గేరు సూటిగా ఒకటికి ఒకటి. 4.10 రేషియో పెట్టిన కారు గంటకి 113 మైళ్ల దగ్గర, 182 కిలోమీటర్లకి, ఊపిరాడక ఆగిపోతుంది. అదే కారుకి 3.31 పెట్టండి, లెక్క ప్రకారం 140 మైళ్ల దాకా పోయే వీలుంది, 225 కిలోమీటర్లు. క్వార్టర్ మైలు బాగా కొట్టిన కారు హైవే మీద ఓడిపోతుంది, హైవేకి బాగున్నది లైటు దగ్గర ఓడిపోతుంది. ఓవర్‌డ్రైవ్ గేరు లేని కాలం అది. రెండూ కావాలంటే రెండు కార్లు కొనాలి.

పైగా 140లో వెళ్తున్న ఆ కారుని ఆపాల్సింది, చాలావాటిలో, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు.

నోవై_నందు · నోవై, మిషిగన్

ఒక మాట చెప్తే తిడతారేమో. మా వీధిలో మూడిళ్లకొకటి టయోటా కామ్రీ. వీ6 కామ్రీ, 301 హెచ్‌పీ, నెట్. క్వార్టర్ మైలు 14 సెకన్ల చిల్లర, సున్నా నుంచి 60కి ఆరు సెకన్లలోపు. పిల్లల సీటు, పచ్చడి సీసాలు, ఏసీ అన్నీ పెట్టుకుని. 389 జీటీఓ, 383 రోడ్ రన్నర్, 396 షెవెల్... ఆ రోజుల్లో జనం నిజంగా కొన్న ఈ కార్లలో చాలావరకు పద్నాలుగున్నర, పదిహేను సెకన్ల సరుకే. మీరు మాట్లాడే ఎల్ఎస్6లు, హెమీలు వేళ్ల మీద లెక్కపెట్టే జనం దగ్గరుండేవి.

కడప_కార్బ్ · కడప

కామ్రీని తెచ్చి ఎల్ఎస్6 పక్కన పెడతావా సామీ! ఆ నోటితోనే అన్నం తింటున్నావా?

నెల్లూరు_నైట్రో · నెల్లూరు

నందూ, నీ కామ్రీకి రేడియల్ టైర్లు, ఆరు గేర్లో ఎనిమిది గేర్లో, ట్రాక్షన్ కంట్రోల్ అన్నీ ఉన్నాయి. వాటిని ఊడబెరికి, 14 అంగుళాల పాలీగ్లాస్ తొడిగి అప్పుడు చెప్పు.

మోడరేటర్_రావు

అన్నం దాకా వెళ్లొద్దు. కామ్రీ వాదనకి వేరే టాపిక్ పెట్టుకోండి. ఇక్కడ 1964 నుంచి 1972 వరకే.

నోవై_నందు · నోవై, మిషిగన్

సరే సార్. కానీ రోడ్ రన్నర్ పేరు ఎత్తాను కాబట్టి ఒక్కటి. 1968లో దాని ధర 2,896 డాలర్ల నుంచి మొదలు. మూడు వేలలోపు డబ్బుకి, పద్నాలుగు సెకన్లలో వంద మైళ్ల ట్రాప్ ఇచ్చే కారు ఇవ్వాలన్నది ప్లిమత్ పెట్టుకున్న లక్ష్యం. నేల మీద తివాచీ లేదు, సోకుల్లేవు, కార్టూన్ పక్షిలా కూసే హారన్ మాత్రం ఉంది. ఆ హక్కుల కోసం వార్నర్ బ్రదర్స్‌కి 50,000 డాలర్లు కట్టారు. 383తో ఆ పద్నాలుగు అందడం కష్టమే, కానీ డాలరుకి ఎన్ని గుర్రాలు అని అడిగితే పైన చెప్పిన నలుగురూ దీని ముందు నిలవరు.

సిరిసిల్ల_సిలిండర్ · సిరిసిల్ల

నడుమల ఇంకొక డౌటు. 1969 కమారో జెడ్ఎల్1 ఎవ్వరు లెక్కల తీసుకుంటలేరు. అల్యూమినియం 427, తేలిక బండి. గదే ఫస్టు రావాలె కదా?

డల్లాస్_డిఫరెన్షియల్ · డల్లాస్, టెక్సాస్

వస్తుంది. ఇలినాయ్ రాష్ట్రం లా హార్ప్ ఊరి డీలరు ఫ్రెడ్ గిబ్ ఆర్డరిచ్చి చేయించిన కారు, మొత్తం 69. ధర 7,200 డాలర్ల పైమాట, నందు చెప్పిన రోడ్ రన్నర్లు రెండొచ్చి చిల్లర మిగిలేది. హెడర్లు (పొగ సులువుగా పోయే ప్రత్యేక పైపులు), స్లిక్ టైర్లు వేసి తిప్పితే పన్నెండులోపు పోయింది. కానీ దాన్ని మజిల్ కారు అనాలా, నంబర్ ప్లేటు తగిలించిన రేసు కారు అనాలా? నా లెక్కలో రెండోదే. ఎల్88 కోర్వెట్ కూడా ఇదే గాటన కడతాను. పైగా కోర్వెట్ రెండు సీట్ల బండి, ఈ పందెంలోకి రాదు.

సిరిసిల్ల_సిలిండర్ · సిరిసిల్ల

గెలిచెటోన్ని పక్కకు జరిపి మిగిలినోళ్లల ఫస్టెవరని అడుగుడు మంచిగనే ఉంది అన్నా.

డల్లాస్_డిఫరెన్షియల్ · డల్లాస్, టెక్సాస్

69 కార్లు తయారైనదాన్ని గెలుపు అంటే, బాస్ 429 మస్టాంగ్‌ని కూడా పిలవాలి. నాస్కార్ రేసుల్లో ఆ ఇంజన్ వాడాలంటే జనానికి అమ్మి చూపించాలి కాబట్టి కట్టిన కారు అది. 375 హెచ్‌పీ అని రాశారు, షోరూము నుంచి తెచ్చినది తెచ్చినట్టు తిప్పితే 14 సెకన్ల దగ్గరే ఆగింది, మామూలు కోబ్రా జెట్ కంటే వెనక. పేరుకీ పరుగుకీ సంబంధం ఉండాలని లేదు.

గుంటూరు_గేర్ · గుంటూరు

నా 115 గుర్రాలు దొరికేశాయి, చాలా సంతోషం. మాస్టారి లెక్కలో అవి 42కి దిగాయి, షెవెల్ 400 పౌండ్ల బరువు ఎక్కువ మోస్తుంది కాబట్టి ఆ 42 కూడా దాదాపు చెల్లిపోయాయి. ట్రాప్ స్పీడులో చివరికి మిగిలింది అర మైలు. నేను నాలుగు కార్లకీ బ్రోచర్ అంకె కొట్టేసి పక్కన ట్రాప్ స్పీడు రాసుకున్నా.

ఒకే ఒక్క ప్రశ్న. ఈ పందెం ఇప్పుడు ఎవరైనా మళ్లీ వేశారా? పత్రిక వాళ్లు కాదు, కంపెనీ పంపిన కార్లు కాదు.

మిషిగన్_మావయ్య · ట్రాయ్, మిషిగన్

వేస్తూనే ఉన్నారు. మిషిగన్‌లోనే స్టాంటన్ అనే చిన్న ఊరి దగ్గర డ్రాగ్ స్ట్రిప్‌లో, 1990ల మధ్య నుంచి, ప్యూర్ స్టాక్ పేరుతో ఒక పందెం నడుస్తోంది. సొంతదారులే నడుపుతారు. ఫ్యాక్టరీలో వచ్చిన కార్బురేటరు, ఫ్యాక్టరీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, పాత సైజు సన్న టైర్లు, హెడర్లు వేస్తే బయటికే. ఇంజన్ లోపల కొద్దిపాటి సడలింపులున్నాయి, సిలిండర్ కొంచెం పెద్దది చేసుకోవచ్చు, కంప్రెషన్ కాస్త పెంచుకోవచ్చు. శ్రద్ధగా కట్టిన ఇంజన్, కారు గుణం తెలిసిన డ్రైవరు, ఈ రెండూ కలిసి 1970 నాటి పత్రికల టైముల కంటే సెకనుకి పైగా తగ్గించేశారు. పన్నెండుల్లో బోలెడు కార్లు, పదకొండుల్లో కూడా కొన్ని.

ముందు వరసలో కనిపించేవి ఏవంటావా? బ్యూక్ స్టేజ్ 1లు ఉంటాయి, ఎల్ఎస్6లు ఉంటాయి, హెమీలూ ఉంటాయి. ఎక్కువసార్లు గెలుపు ట్యూనింగ్‌ది.

సందేహాల_సాంబయ్య · విజయవాడ

కొద్దిపాటి సడలింపులు అంటే ఎంత మావయ్యగారూ? మళ్లీ 421 కథ కాదు కదా?

మిషిగన్_మావయ్య · ట్రాయ్, మిషిగన్

అక్కడ గెలిస్తే పక్క కారువాడే బానెట్ ఎత్తి చూస్తాడు సాంబయ్యా. వాడికంటే పెద్ద ఇన్‌స్పెక్టర్ ఎవరుంటారు.

ఓరుగల్లు_హెమీ · హనుమకొండ

మాస్టారూ, హెమీ బరువు ఇంకో పారి సూడున్రి. 4,000 కంటె ఎక్కువనే ఉంటది, ఆ ఇనుప హెడ్లు ఒక్కొక్కటి మోయాలంటే నడుము వడతది. 4,100 ఏసి లెక్కగట్టున్రి, ఎంతొస్తదో.

లెక్కల_మాస్టారు · రాజమహేంద్రవరం

అదే 107 ట్రాప్‌కి 4,100 వేస్తే 392.

కడప_కార్బ్ · కడప

అయితే షెవెల్‌కి నా బరువు కూడా కలపండి. 4,120.